మూడో మెట్టు

సుబేదారిలో మెట్ల కింది గది మా ల్యాబ్.
పగలు పళ్లు చేస్తాను.
ఎవరివో తెలియని దవడలు
చీటీలు అంటించుకుని
అల్మారాలో నోళ్లు తెరిచి ఉంటాయి.
వాటిలో ఒకటి ఓదేలు సార్‌ది:
పరకాల, పై దవడ, పూర్తి సెట్టు.

రాత్రి విమానాలు.
మామునూరు పక్కన పుట్టినదాన్ని.
గడ్డి మొలిచిన రన్‌వే మీద
మేకలు తప్ప ఏదీ దిగని రోజులవి.

కొలతకు వచ్చినప్పుడు
బల్ల మీద సగం కట్టిన మిగ్‌ను చూశాడు సార్.
పళ్లు లేని నోటితో అడిగాడు:
"ఒక్క సీటుదేనా బిడ్డా?
నేను పని జేసింది రెండు సీట్ల దాని మీద."

ఆ రాత్రే డబ్బులు లెక్కపెట్టుకుని
రెండో సీటుకు ఆర్డరు పెట్టాను.

చెక్ దేశం నుంచి ఇరవై ఆరు రోజులు.
హన్మకొండ పోస్టాఫీసులో కవరు పిసికి చూసి
"మందులా?" అన్నాడు గుమాస్తా.
విప్పితే
పాలపళ్ల రంగు రెజిన్ ముక్కలు.
ఒక కొత్త వీపు,
చిక్కుడు గింజలంత రెండు సీట్లు,
ఎటు పెట్టాలో బొమ్మలో కూడా లేని ఇంకేదో.

రెజిన్ నాకు కొత్త కాదు,
దాని వాసన నా సద్దిగిన్నెలో కూడా ఉంటుంది.
గాలిబుడగ ఎక్కడ దాక్కుంటుందో తెలుసు.
వంగిపోయిన ముక్కను వేడినీళ్లలో ముంచి
బతిమాలి దారికి తేవడం తెలుసు.
పొడి ఒక్కటే చెడ్డది.
ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు దింపే హమాలీలా
మాస్కు మీద తువ్వాల బిగించి
తడుపుతూ రుద్దాను, రుద్దుతూ తడిపాను.

కోయడమే భయం.
కొత్త వీపు అతకాలంటే
బాగున్న వీపును రంపంతో తీసెయ్యాలి.
మూడుసార్లు కొలిచాను.
నాలుగోసారి కరెంటు పోయింది.
ఫోను లైటు పళ్ల మధ్య పట్టుకుని
(సొంత పళ్లే, ఇంకా ఉన్నాయి)
కోశాను.
వెంట్రుకవాసి ఎక్కువ తెగింది.
ఆ సందును
కట్టుడు పళ్ల గులాబీ పొడితో పూడ్చాను.
వెండి రంగు వేసేదాకా
ఆ మిగ్‌కు చిగుళ్లున్నాయి.

కొత్త పళ్లు పెట్టుకుని
చాలాసేపు వంగి చూశాడు సార్.
మెచ్చుకుంటాడనుకున్నా.

"నిచ్చెనేది?"

ఈ పెట్టెలో రాలేదు సార్.
ఆ పెట్టెలోనూ లేదు.

"సీట్లు నాకెందుకు బిడ్డా,
నేనెన్నడు గండ్ల కూసోలే.
నిచ్చెన మీద నిలవడి
ముందల పోరనికి బెల్టు బిగిస్తుంటి,
ఎనుక సారుకు బిగిస్తుంటి,
పిన్నులు గుంజి లెక్కవెట్టి సూపెట్టి
దిగి, నిచ్చెన పక్కకు దీస్తుంటి.
నా నౌకరంత గా ఆరు మెట్లే.
ఒక్కనాడు మాత్రం
పొద్దుమీకేదాక నిచ్చెన వట్టుకొనే ఉన్న."

ఆగాడు.
నాలుకతో పళ్లను అటూ ఇటూ కదిపి
"ఎడమ దిక్కు జర వదులైనయి" అన్నాడు.

పళ్లు కట్టే తీగ తీసుకున్నాను.
రెండు నిలువులు, ఆరు అడ్డాలు,
ఒక్కో చోట ఆవగింజలో సగం టంకం.
మూడు నిచ్చెనలు చెడగొట్టాక
నాలుగోది నిలబడింది.

మళ్లీ వచ్చాడు.
చిటికెన వేలి గోటితో కింది నుంచి లెక్కబెట్టి
మూడో మెట్టు మీద ఆగాడు.
"ఇది కదిలేది.
ఎన్నిమాట్ల రాసిచ్చినా ఎవడు బాగుజెయ్యలే.
అలవాటయినోళ్లం దాటేసి ఎక్కేది."

దీపం ముట్టించి
మూడో మెట్టు ఒక పక్క టంకం కరిగించాను.
ఊదితే ఊగింది.
సార్ రెండుసార్లు ఊదాడు.

విమానం తీసుకుపొమ్మంటే వద్దన్నాడు,
ఇంట్లో పెట్టడానికి జాగ లేదని.
నిచ్చెన ఒక్కటే
బస్సు టికెట్టులో మడిచి
అంగీ జేబులో పెట్టుకుని
పరకాల బస్సుకు పోయాడు.

బల్ల మీద మిగ్ ఉంది.
రెండు అద్దాలూ కుడివైపుకు తెరిచే ఉన్నాయి.
ఎడమవైపు, చెక్క మీద,
జిగురు ఆరిన రెండు చుక్కలు.